వెడల్పు1, వెడల్పు2, వెడల్పు3... 12 దాకా ఉన్న ప్యారామీటర్లను జీడీఎల్‌లో లూప్‌తో తిప్పడం ఎలా?

గీతలపని:

అందరికీ నమస్తే. భవనాల డిజైన్‌కి వాడే ఆర్కిక్యాడ్‌లో సొంతంగా ఒక అల్మరా ఆబ్జెక్ట్ రాస్తున్నాను, జీడీఎల్ (అందులో ఆబ్జెక్టులు రాసే స్క్రిప్ట్ భాష) మొదలుపెట్టి నాలుగు నెలలే అయింది. అల్మరాలో పక్కపక్కన గళ్లు ఉంటాయి, 1 నుంచి 12 వరకు ఎన్ని కావాలంటే అన్ని. ఒక్కో గడికి వెడల్పు వేరు, లోపల అరలు ఎన్ని అన్నది వేరు, తలుపు ఉందా లేదా అన్నది వేరు, తలుపు సర్ఫేస్ వేరు. అంటే గడికి నాలుగు చొప్పున 48 ప్యారామీటర్లు, వెడల్పు1, అరలు1, తలుపు1, సర్ఫేస్1, మళ్లీ వెడల్పు2... ఇలా.

మొదట్లో మూడు గళ్లు చాలనుకున్నాను, అందుకని ఒక గడికి రాసిన కోడ్‌ని కాపీ చేసి 1 ఉన్నచోట 2, 2 ఉన్నచోట 3 పెట్టుకుంటూ పోయాను. అదే అలవాటుగా 12 దాకా వెళ్లిపోయింది. ఇప్పుడు త్రీడీ స్క్రిప్ట్ ఒక్కటే 740 లైన్లు, టూడీ స్క్రిప్ట్ మళ్లీ వేరే. పోయిన వారం అర పలక మందం 18 మిల్లీమీటర్ల నుంచి 25కి మార్చాల్సి వచ్చింది. పన్నెండు చోట్లా మార్చాననే అనుకున్నాను కానీ ఎనిమిదో గడిలో మర్చిపోయాను. ప్లాన్‌లో అది కనపడదు కదా. సెక్షన్ తీసి పంపాక వడ్రంగి ఫోన్ చేసి "ఈ ఒక్క గడిలో పలకలు సన్నగా ఉన్నాయేంటి, కావాలనే పెట్టారా" అని అడిగితే తెలిసింది. కోతకి ముందే అడిగాడు కాబట్టి సరిపోయింది. అప్పటినుంచి ఆ ఫైల్ తెరవాలంటేనే టెన్షన్.

లూప్ పెడదామని ఇలా రాశాను. ఫోన్ నుంచి పోస్ట్ చేస్తున్నాను కాబట్టి కమాండ్లు కూడా తెలుగు లిపిలోనే కొడుతున్నాను, పేర్లు కూడా అర్థం కావడానికి తెలుగులో పెట్టాను, అసలు స్క్రిప్ట్‌లో అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే:

ఫర్ ఐ = 1 టు గళ్లు
    పేరు = "వెడల్పు" + ఎస్‌టీఆర్(ఐ, 1, 0)
    బ్లాక్ పేరు, లోతు, ఎత్తు
నెక్స్ట్ ఐ

బ్లాక్ లైన్ దగ్గర ఎర్రర్ వస్తోంది. పేరు సరిగ్గానే తయారవుతోంది, ప్రింట్ పెట్టి చూశాను, "వెడల్పు1", "వెడల్పు2" అని వరుసగా వస్తున్నాయి. మరి ఆ పేరుతో ఉన్న ప్యారామీటర్ విలువని తీసుకోమని దానికి ఎలా చెప్పాలి? అసలు అలా కుదురుతుందా, లేక మొత్తం తిరగరాయాలా?


మూడోకోణం:

నమస్తే అండి. ముందు ఆ ఎర్రర్ సంగతి చూద్దాం, అది అర్థమైతే మిగతాదంతా తేలికే. మీరు కూర్చిన "వెడల్పు3" జీడీఎల్ లెక్కలో వట్టి అక్షరాలు. ఆ అక్షరాలు చదివి, అదే పేరున్న ప్యారామీటర్‌ని వెతికి, దాని విలువ తెచ్చి బ్లాక్‌కి ఇవ్వడం స్క్రిప్ట్‌లో కుదరదు. వెడల్పు3 అనగానే మనకి "మూడో గడి" అని తోస్తుంది, దానికి మాత్రం ఆ 3 పేరు చివర ఉన్న ఇంకో అక్షరం, అంతే. వెడల్పు2 తర్వాతది వెడల్పు3 అన్న సంగతి దానికి ఎక్కడా తెలియదు. ఇంటర్‌ఫేస్ స్క్రిప్ట్‌లో యూఐ ఇన్‌ఫీల్డ్ ప్యారామీటర్ పేరును కొటేషన్లలోనే తీసుకుంటుంది, అక్కడ ఇలా పేరు కూర్చి ఇస్తే పని చేస్తుంది, అందుకే చాలామంది మిగతా స్క్రిప్టుల్లో కూడా నడుస్తుందనుకుంటారు.

మీకు కావాల్సింది అర్రే, అంటే ఒకే పేరు కింద వరుసగా చాలా విలువలు పెట్టుకునేది. ప్యారామీటర్ల లిస్ట్‌లో వెడల్పు అని ఒక్కటే ప్యారామీటర్ పెట్టి, దాన్ని ఎంచుకుని అర్రే బటన్ నొక్కండి, చిన్న పట్టిక తెరుచుకుంటుంది, అందులో 12 వరుసలు చేర్చండి. ఇక వెడల్పు[3] అంటే నిజంగానే మూడోది. బ్రాకెట్లలో అంకె బదులు ఐ పెట్టొచ్చు, ఐ+1 పెట్టొచ్చు, మీరు వెతుకుతున్నది ఇదే. లెక్క 1 నుంచి మొదలవుతుంది, వేరే భాషల అలవాటుతో 0 నుంచి మొదలుపెడితే ఇండెక్స్ ఎర్రర్ వస్తుంది.

ఇంకొక్క మాట, ఇది నా పట్టుదల అనుకోండి: ప్రతి గడి ఎక్కడ మొదలవుతుందో టూడీలో ఒకసారి, త్రీడీలో ఒకసారి విడివిడిగా లెక్కపెట్టకండి. మాస్టర్ స్క్రిప్ట్ మిగతా ప్రతి స్క్రిప్ట్ కంటే ముందు నడుస్తుంది, అందులో లెక్కించింది అన్నింటికీ అందుతుంది. అక్కడే ఒకసారి:

డిమ్ మొదలు[13]
మొదలు[1] = 0
ఫర్ ఐ = 1 టు గళ్లు
    మొదలు[ఐ+1] = మొదలు[ఐ] + వెడల్పు[ఐ]
నెక్స్ట్ ఐ

గళ్లు 12 అయినా ఇది 13 ఎందుకంటే, చివరి గడి ఎక్కడ ముగుస్తుందో అది పదమూడో విలువ. మొత్తం అల్మరా పొడవు కూడా అదే, మొదలు[గళ్లు+1]. ఇక త్రీడీ స్క్రిప్ట్ ఇంతే:

ఫర్ ఐ = 1 టు గళ్లు
    యాడ్‌ఎక్స్ మొదలు[ఐ]
    గోసబ్ "గడి"
    డెల్ 1
నెక్స్ట్ ఐ
ఎండ్

కింద "గడి" అన్న సబ్‌రొటీన్‌లో ఒకే ఒక్క గడి ఎలా ఉంటుందో రాయండి. పలక మందం అక్కడ ఒక్కచోటే ఉంటుంది, ఎనిమిదో గడి అని విడిగా ఒకటి ఉండనే ఉండదు. టూడీలో కూడా ఇదే లూప్, లోపల రెక్ట్2 మొదలు[ఐ], 0, మొదలు[ఐ+1], లోతు. యాడ్ గీసే చోటుని జరుపుతుంది, డెల్ ఆ జరపడాన్ని వెనక్కి తీస్తుంది. సబ్‌రొటీన్ లోపల ఎన్ని యాడ్‌లు చేస్తే అన్ని డెల్‌లు చేసి బయటికి రావాలి, లేకపోతే రెండో గడి నుంచి అన్నీ మెట్లు మెట్లుగా జరిగిపోతాయి.

తిరగరాయాలా అంటే, తిరగరాయాల్సిందే. కాకపోతే 740 లైన్లనీ కాదు, ఒక్క గడిది రాస్తే చాలు.


చుక్కలవాడు:

పైన చెప్పింది సరైనదే. నేనైతే నాలుగు అర్రేలు కూడా పెట్టను. 12 వరుసలు, 4 నిలువు వరుసలతో ఒకే టూడీ అర్రే, గడి[ఐ][1] వెడల్పు, గడి[ఐ][2] అరలు, గడి[ఐ][3] తలుపు, గడి[ఐ][4] సర్ఫేస్. ఒక గడి వివరాలన్నీ ఒకే వరుసలో కనపడతాయి, లిస్ట్ కూడా చిన్నది అవుతుంది.


మూడోకోణం:

@చుక్కలవాడు అన్నా, స్క్రిప్ట్ లోపల మనమే డిమ్‌తో పెట్టుకునే అర్రే అయితే మీతో ఒప్పుకునేవాణ్ణి. ఇక్కడ అది ప్యారామీటర్. ప్యారామీటర్ అర్రేకి టైప్ ఒక్కటే ఉంటుంది. అది పొడవు టైప్ అయితే అరల సంఖ్య 3 కూడా పొడవుగానే కనపడుతుంది, మిల్లీమీటర్లలో పని చేసేవాళ్లకి 3000 అని చూపిస్తుంది. తలుపు ఉందా అన్నదానికి టిక్ పెట్టే చెక్‌బాక్స్ రాదు, సర్ఫేస్‌కి ఎంచుకునే లిస్ట్ రాదు, ఒక నంబర్ కొట్టాలి. ఆబ్జెక్ట్ వాడేవాళ్లు మన స్క్రిప్ట్ చూడరు, ఆ సెట్టింగ్స్ పట్టికే చూస్తారు. అందుకని వెడల్పు పొడవు టైప్‌లో, అరలు పూర్ణసంఖ్య టైప్‌లో, తలుపు అవును-కాదు టైప్‌లో, సర్ఫేస్ తన టైప్‌లో, నాలుగూ 12 వరుసలవే, నాలుగింటికీ ఒకే ఐ. ఒకదాని మూడో వరుస, ఇంకోదాని మూడో వరుస ఒకే గడివి అన్న నియమం మనం పాటిస్తే చాలు.


చుక్కలవాడు:

టైప్ సంగతి నిజమే, నేను అన్నీ పొడవులే ఉన్న ఆబ్జెక్టుల గురించి ఆలోచించాను. కిటికీ ఫ్రేమ్ అడ్డం నిలువు కొలతల్లాంటి వాటికి టూడీ అర్రే చక్కగా కుదురుతుంది. ఈ అల్మరాకి మీరు చెప్పినట్టే నాలుగు పెట్టడం మేలు.


గీతలపని:

ఇద్దరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని నాలుగు అర్రేలు చేశాను, మొదలు[ ] కూడా మాస్టర్‌లో పెట్టాను. టూడీ మొదటిసారికే వచ్చేసింది, చాలా సంతోషమేసింది. కానీ త్రీడీలో ఏదో విచిత్రంగా ఉంది, రెండు గంటలు చూశాను, పట్టుకోలేకపోయాను.

5 గళ్లు పెట్టి ప్రతిదాంట్లో 4 అరలు ఇస్తే మొదటి గడి మాత్రమే వస్తోంది, మిగతా నాలుగూ లేవు. ఆ మొదటి గడిలో కూడా అర పలకలు ఒక్కోటి ఒక్కో పొడవులో ఉన్నాయి, ఒకటి గడి దాటి బయటికి పొడుచుకొచ్చింది. సరే అని అరలు 3 చేశాను, అంతే, ప్రోగ్రామ్ కదలకుండా ఉండిపోయింది, బలవంతంగా మూసేయాల్సి వచ్చింది. 4కి ఒకలా, 3కి ఇంకోలా ఎందుకుంటుంది? సబ్‌రొటీన్ ఇది:

"గడి":
ఎన్ని = అరలు[ఐ]
ఫర్ ఐ = 1 టు ఎన్ని
    యాడ్‌జెడ్ ఐ * ఎత్తు / (ఎన్ని + 1)
    బ్లాక్ వెడల్పు[ఐ], లోతు, మందం
    డెల్ 1
నెక్స్ట్ ఐ
రిటర్న్

డెల్‌లు లెక్క సరిపోయాయి, మూడుసార్లు చూసుకున్నాను.


నిదానంగా:

డెల్‌లు సరిగ్గానే ఉన్నాయి. తప్పు ఐ దగ్గర ఉంది. జీడీఎల్‌లో సబ్‌రొటీన్‌కి తనకంటూ వేరే వేరియబుల్స్ ఉండవు. బయట లూప్‌లో ఉన్న ఐ, లోపల లూప్‌లో ఉన్న ఐ, రెండూ ఒకటే డబ్బా. లోపలి లూప్ అందులో తన అంకెలు వేసుకుంటూ పోతుంది, బయటికి వచ్చేసరికి బయటి లూప్ ఎక్కడ ఉందో అదే మర్చిపోతుంది. కాగితం మీద వేసి చూడండి, మీరు చెప్పిన రెండు లక్షణాలూ అచ్చంగా వస్తాయి.

4 అరలప్పుడు: బయట ఐ = 1తో లోపలికి వెళ్లింది. ఎన్ని = 4. లోపలి లూప్ ఐ ని 1, 2, 3, 4 అని తిప్పింది, 4 దాటాక ఐ = 5 అయి లూప్ ఆగింది. రిటర్న్. బయటి నెక్స్ట్ దాన్ని 6 చేసింది. 6 అంటే 5 గళ్లు దాటిపోయినట్టే, లూప్ ముగిసింది. అందుకే ఒక్క గడి.

3 అరలప్పుడు: లోపలి లూప్ అయ్యేసరికి ఐ = 4. బయటి నెక్స్ట్ 5 చేసింది, 5 చెల్లుతుంది కాబట్టి అయిదో గడి గీయడానికి వెళ్లింది. లోపల మళ్లీ ఐ 1 నుంచి మొదలై 4 దగ్గర ముగిసింది. బయటి నెక్స్ట్ మళ్లీ 5 చేసింది. మళ్లీ అయిదో గడి. మళ్లీ 4, మళ్లీ 5... ఎప్పటికీ ఆగదు. మీ ప్రోగ్రామ్ చచ్చిపోలేదు, అయిదో గడినే గీస్తూ కూర్చుంది.

పలకల పొడవులు తేడా రావడం కూడా ఇందుకే. బ్లాక్ వెడల్పు[ఐ] అని లోపల రాశారు, అక్కడ ఐ అంటే ఎన్నో గడి అని కాదు, ఎన్నో అర అని. మొదటి పలక మొదటి గడి వెడల్పు తీసుకుంది, రెండో పలక రెండో గడి వెడల్పు తీసుకుంది, బయటికి పొడుచుకొచ్చిన పలక మీ అల్మరాలో వెడల్పైన గడిది అయ్యుంటుంది, చూడండి.

లోపల జె వాడండి. నేను ఇంకో అడుగు ముందుకెళ్లి సబ్‌రొటీన్ లోపల బయటి ఐ ని అసలు తాకను. పిలిచే ముందే కావాల్సినవి తీసి పెట్టుకుంటాను:

ఫర్ ఐ = 1 టు గళ్లు
    గడి_వె = వెడల్పు[ఐ]
    గడి_అ = అరలు[ఐ]
    గడి_త = తలుపు[ఐ]
    గడి_స = సర్ఫేస్[ఐ]
    యాడ్‌ఎక్స్ మొదలు[ఐ]
    గోసబ్ "గడి"
    డెల్ 1
నెక్స్ట్ ఐ
ఎండ్

"గడి":
ఫర్ జె = 1 టు గడి_అ
    యాడ్‌జెడ్ జె * ఎత్తు / (గడి_అ + 1)
    బ్లాక్ గడి_వె, లోతు, మందం
    డెల్ 1
నెక్స్ట్ జె
రిటర్న్

ఇప్పుడు సబ్‌రొటీన్‌కి ఇది ఎన్నో గడి అన్నది తెలియక్కర్లేదు, ఒక గడి కొలతలు తెలిస్తే చాలు. తలుపుకి ఇంకో సబ్‌రొటీన్ రాసి ఇఫ్ గడి_త దెన్ గోసబ్ "తలుపు" అని పెట్టండి, అందులో మెటీరియల్ గడి_స. తలుపు సబ్‌రొటీన్‌లో కూడా లూప్ ఉంటే అక్కడ కె వాడండి. ఏ అక్షరం ఏ లోతులో వాడుతున్నారో స్క్రిప్ట్ పైన కామెంట్‌గా రాసుకుంటే ఆర్నెల్ల తర్వాత తెరిచినప్పుడు వెతుక్కోవక్కర్లేదు, నేను ప్రతి ఆబ్జెక్ట్‌లో రాస్తాను.


గీతలపని:

కాగితం మీద వేసి చూశాను, మీరు రాసినట్టే 4, 5, 4, 5 అని తిరుగుతోంది. బయటికి పొడుచుకొచ్చింది మూడో పలక, మూడో గడే అన్నిటికన్నా వెడల్పు. జె పెట్టగానే 5 గళ్లూ వచ్చేశాయి. త్రీడీ స్క్రిప్ట్ ఇప్పుడు 130 లైన్లు, పలక మందం ఒకే చోట ఉంది. నిజంగా పెద్ద బరువు దిగింది.

ఇంకో రెండు అడుగుతాను. ఒకటి, గళ్ల సంఖ్య మార్చినప్పుడు అర్రే సైజు కూడా మార్చాలా, 5 గళ్లున్నప్పుడు 12 వరుసలు అలాగే ఉండొచ్చా? రెండోది, పక్క పలకల్లో అర పిన్నుల రంధ్రాలు 32 మిల్లీమీటర్లకి ఒకటి చొప్పున పెడుతున్నాను. ఫర్ జెడ్ = 0.096 టు పైన స్టెప్ 0.032 అని రాశాను. కొన్ని ఎత్తులకి పై చివరి రంధ్రం వస్తోంది, కొన్నింటికి రావట్లేదు, లెక్క ప్రకారం అన్నింటికీ రావాలి.


మూడోకోణం:

మొదటిదానికి, 12 అలాగే ఉంచండి. సైజు తగ్గిస్తే ఆ వరుసల్లో వాడేవాళ్లు కొట్టిన విలువలు పోతాయి. ఎవరైనా 8 గళ్లకి కొలతలన్నీ ఇచ్చి, ఒకసారి 6 చేసి చూసి మళ్లీ 8కి వస్తే ఏడు, ఎనిమిది గళ్ల కొలతలు అక్కడే ఉండాలి కదా. లూప్ గళ్లు వరకే తిరుగుతుంది, మిగతా వరుసలు ఊరికే నిద్రపోతాయి. ప్యారామీటర్ స్క్రిప్ట్‌లో మాత్రం వాల్యూస్ "గళ్లు" రేంజ్ [1, 12] అని తప్పకుండా పెట్టండి, లేదంటే ఎవరో 13 కొడతారు, అర్రేలో లేని వరుసని లూప్ అడుగుతుంది. 12 అన్న అంకె కూడా స్క్రిప్ట్ నిండా చల్లకుండా వార్‌డిమ్1(వెడల్పు) అని అడగొచ్చు, అర్రేలో ఎన్ని వరుసలున్నాయో అదే చెప్తుంది, రేపు మీరు 16 చేస్తే మాస్టర్‌లో డిమ్ మొదలు[13] ని 17 చేస్తే చాలు.

మొత్తం పొడవు "ఏ" (ఇంగ్లిష్ మొదటి అక్షరం) అన్న పేరున్న ప్యారామీటర్‌లో కూడా కనపడాలనుకుంటే అదే ప్యారామీటర్ స్క్రిప్ట్‌లో ప్యారామీటర్స్ ఏ = మొదలు[గళ్లు+1] అని రాసి, లాక్ "ఏ" పెట్టండి. ఊరికే ఏ = ... అని రాస్తే ఆ స్క్రిప్ట్ నడిచినంతసేపే ఉంటుంది, ఆబ్జెక్ట్‌లో నిలవదు.


నిదానంగా:

రంధ్రాల సంగతి నేను చెప్తాను. కంప్యూటర్ లోపల 0.032 కచ్చితంగా 0.032 కాదు, 0, 1 అనే రెండే అంకెలతో నడిచే బైనరీ లెక్కలో దానికి దగ్గరి విలువ ఏదో ఉంటుంది. లూప్ దాన్ని కూడుతూ పోయేకొద్దీ ఆ నలుసంత తేడా కూడా పేరుకుంటుంది. ఇరవై సార్లు కూడాక జెడ్ విలువ మీ పై హద్దు కంటే నలుసంత ఎక్కువగా తేలితే "దాటిపోయింది" అని లూప్ ఆగిపోతుంది, చివరి రంధ్రం రాదు. నలుసంత తక్కువగా తేలితే వస్తుంది. ఏ ఎత్తుకి ఏది జరుగుతుందో మనం ఊహించలేం.

లూప్ లెక్క ఎప్పుడూ పూర్ణసంఖ్యలతోనే తిప్పండి, కొలతని లోపల గుణించి తెచ్చుకోండి:

రంధ్రాలు = ఐఎన్‌టీ((పైన - 0.096) / 0.032 + 0.0001) + 1
ఫర్ జె = 1 టు రంధ్రాలు
    జెడ్ = 0.096 + (జె - 1) * 0.032
    ...
నెక్స్ట్ జె

మధ్యలో ఆ 0.0001 ఎందుకంటే, భాగిస్తే 20 రావాల్సిన చోట 19.99999 వచ్చిందనుకోండి, ఐఎన్‌టీ దాన్ని 19 చేసేస్తుంది. ఆ చిన్న విలువ కలిపితే అది 20 వైపు పడుతుంది. నిజంగా 19.6 వచ్చిన చోట దీనివల్ల ఏమీ మారదు. స్క్రిప్ట్‌లో పొడవులన్నీ మీటర్లలోనే అన్నది మీకు తెలుసనుకుంటాను, డైలాగ్‌లో మిల్లీమీటర్లు కనపడుతున్నా లోపల 0.032 అనే ఉంటుంది. రంధ్రం మామూలుగా 5 మిల్లీమీటర్ల వ్యాసం, ముందు అంచు నుంచి 37 మిల్లీమీటర్లు లోపలికి పెడతారు. వాటిని కూడా అంకెలుగా అక్కడక్కడా రాయకుండా పైన పేర్లు పెట్టుకోండి.


చుక్కలవాడు:

అర్రేల గురించే మాట్లాడుతున్నాం కాబట్టి పుట్, గెట్ కూడా ఒకసారి చెప్పాలి, విలువల్ని బఫర్ అనే తాత్కాలిక వరుసలో వేసి, తీసే కమాండ్లు ఇవి. రేపు మీరు గళ్లకి లోతులు వేరువేరుగా పెట్టి, పైన ఒకే ముక్కగా పలక వేయాలనుకుంటే అది ముందువైపు మెట్లు మెట్లుగా వచ్చే బహుభుజి అవుతుంది. ఎన్ని పాయింట్లు ఉంటాయో ముందే తెలియదు, గళ్లని బట్టి మారుతుంది. ప్రిజమ్_ కమాండ్‌కి పాయింట్లన్నీ ఒకే వాక్యంలో ఇవ్వాలి, దాని మధ్యలో లూప్ పెట్టలేం. అప్పుడు ముందు లూప్‌లో పాయింట్లను బఫర్‌లోకి తోసేసి, తర్వాత అన్నీ ఒక్కసారే బయటికి తీస్తాం:

ఫర్ ఐ = 1 టు గళ్లు
    పుట్ మొదలు[ఐ], లోతు[ఐ], 15
    పుట్ మొదలు[ఐ+1], లోతు[ఐ], 15
నెక్స్ట్ ఐ
పుట్ మొదలు[గళ్లు+1], 0, 15
పుట్ 0, 0, 15
ప్రిజమ్_ ఎన్‌ఎస్‌పీ/3, మందం, గెట్(ఎన్‌ఎస్‌పీ)

ఎన్‌ఎస్‌పీ అంటే బఫర్‌లో ప్రస్తుతం ఎన్ని విలువలున్నాయో ఆ లెక్క. పాయింట్‌కి ఎక్స్, వై, స్టేటస్ (అంచులు కనపడాలా వద్దా చెప్పే అంకె) అని మూడు కాబట్టి 3తో భాగించాం. గెట్ తీసినవి బఫర్ లోంచి పోతాయి, యూజ్ అయితే వాడుకుని అక్కడే ఉంచుతుంది. రెండు పక్క గళ్ల లోతు ఒకటే అయితే ఒకే చోట రెండు పాయింట్లు పడతాయి, అందుకని ఐ+1 గడి లోతుతో పోల్చి చూసి, సమానమైతే ఆ రెండూ పెట్టకుండా వదిలేయండి.

బఫర్‌లో మధ్యలోంచి నాలుగోది కావాలంటే ఇవ్వదు, ముందు వేసింది ముందు వస్తుంది. గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ చూడాల్సినవి అర్రేలో, ఒక కమాండ్‌కి వరుసగా అందించాల్సినవి బఫర్‌లో. నేను అలాగే విడదీసుకుంటాను.


గీతలపని:

రంధ్రాలు అన్ని ఎత్తులకీ సరిగ్గా వస్తున్నాయి. పుట్, గెట్ ఇంకా వాడలేదు, పై పలక దగ్గర ప్రయత్నిస్తాను. ఆఖరిది: ప్లాన్‌లో ఒక్కో గడి గీతని మౌస్‌తో లాగి వెడల్పు మార్చుకునేలా చేయొచ్చా? ఒక ప్యారామీటర్‌కి చేయడం తెలుసు, అర్రేలో ఒక్కో వరుసకి కుదురుతుందా?


మూడోకోణం:

కుదురుతుంది. హాట్‌స్పాట్2కి (ప్లాన్‌లో మౌస్‌తో పట్టుకునే పాయింట్ పెట్టే కమాండ్) ప్యారామీటర్ ఇచ్చే చోట వెడల్పు[ఐ] అనే రాయొచ్చు. టూడీ స్క్రిప్ట్‌లో:

ఫర్ ఐ = 1 టు గళ్లు
    హాట్‌స్పాట్2 మొదలు[ఐ], 0, 100*ఐ + 1, వెడల్పు[ఐ], 1 + 128
    హాట్‌స్పాట్2 మొదలు[ఐ+1], 0, 100*ఐ + 2, వెడల్పు[ఐ], 2
    హాట్‌స్పాట్2 మొదలు[ఐ] - 1, 0, 100*ఐ + 3, వెడల్పు[ఐ], 3
నెక్స్ట్ ఐ

1 అంటే కొలత మొదలయ్యే చోటు, 2 లాగే చోటు, 3 దిక్కు చెప్పేది, 128 కలిపితే ఆ పాయింట్ కనపడకుండా ఉంటుంది. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఒకటి, నిదానంగా గారు చెప్పినట్టు గడి_వె లోకి తీసుకున్న కాపీని ఇక్కడ ఇవ్వకండి. లాగినప్పుడు మారాల్సింది అసలు ప్యారామీటర్, అందుకని వెడల్పు[ఐ] అని నేరుగానే రాయాలి.

రెండోది ఆ 100*ఐ. హాట్‌స్పాట్ ప్రతిదానికీ వేరే ఐడీ కావాలి, చాలామంది లూప్‌లో ఐడీ = ఐడీ + 1 అని పెంచుకుంటూ పోతారు. అలాగే పెట్టి, రేపు తలుపున్న గళ్లకి మాత్రం ఇంకో హాట్‌స్పాట్ చేర్చారనుకోండి, రెండో గడికి తలుపు పెట్టగానే మూడో గడి నుంచి ఐడీలన్నీ ఒకటి జరుగుతాయి. డ్రాయింగ్‌లో ఆ పాయింట్లకి పట్టించిన డైమెన్షన్లు ఐడీని చూసే అతుక్కుంటాయి, అవి వేరే పాయింట్లకి ఎగిరిపోతాయి, ఎవరూ చూడకుండా షీట్ బయటికి వెళ్లిపోతుంది. 100*ఐ + 2 అయితే అయిదో గడి కుడి అంచు ఎప్పుడూ 502 గానే ఉంటుంది, మిగతా గళ్లలో ఏం చేర్చినా తీసేసినా. తలుపు హాట్‌స్పాట్లకి 100*ఐ + 10 నుంచి మొదలుపెట్టండి.